రోజూ మన చేతుల్లో పూర్తయ్యే సైకిలు

రేపల్లెలో పట్టాలు ఆగిపోతాయి. తెనాలిలో బయల్దేరి చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన దాటి వచ్చిన బండికి అక్కణ్ణించి ముందుకు దారి లేదు. 1916 నాటి లైను ఇది. వారంలో మూడు రోజులు పని మీద నేను ఆ ఆఖరి స్టేషన్లో దిగుతాను. ఇంకో రెండు రోజులు మెయిన్ లైను మీద బాపట్ల. ఇల్లు తెనాలి. మూడూళ్ళలోనూ స్టేషనుకీ నేను వెళ్ళాల్సిన చోటుకీ మధ్య రెండు మూడు కిలోమీటర్లు ఉంటుంది. ఆటోకి దగ్గర, ఎండలో నడకకి దూరం. ఆ కాస్త దూరం కోసమే నాలుగేళ్ళ కిందట మడత సైకిలు కొన్నాను.

బండి దిగి ప్లాట్‌ఫారం మీద ఓ పక్కకి జరిగి సైకిలు విప్పుతాను. ముందు ఫ్రేము నడుం దగ్గర కలిపి గడియ వేస్తాను. హ్యాండిలు కర్ర పైకి లేపి రెండో గడియ. సీటు రాడ్డు లాగి మూడోది. పెడళ్ళు బయటికి తిప్పేస్తే అయిపోయింది. నిమిషం కూడా పట్టదు. మొదటి రోజుల్లో చుట్టూ జనం చేరేవారు. ఒకసారి పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి, "ఏం నాయనా, సైకిలు విరిగిందా?" అన్నారు. "లేదు బాబాయ్, మడత సైకిలు" అని కలిపి చూపించాను. ఆయన వంగి ఫ్రేము మధ్యలో ఉన్న కీలు మీద బొటనవేలు పెట్టి, "మరి ఎప్పటికైనా ఇక్కడేగా తెగేది?" అన్నారు.

అడగాల్సిన ప్రశ్న అదే. ఈ నాలుగేళ్ళలో నాకు తెలిసొచ్చిన సంగతులన్నీ ఆయన వేలు పెట్టిన చోట మొదలయ్యేవే.

మన ఊళ్ళలో పాలవాళ్ళూ పోస్టుమేన్లూ తొక్కిన ఇరవై రెండు సైజు నల్ల సైకిలుని గుర్తు చేసుకోండి. సీటు కింద నుంచి హ్యాండిలు దాకా పైన ఒక గొట్టం, కింద ఏటవాలుగా ఇంకో గొట్టం, వెనక చక్రానికి రెండు పక్కలా సన్న గొట్టాలు. అన్నీ కలిసి త్రిభుజాలు. నాలుగు కర్రలు మూలల్లో మేకులు కొట్టి కలిపితే ఆ చట్రాన్ని చేత్తో నొక్కి పక్కకి వంచేయొచ్చు. మూడు కర్రల చట్రం అలా వంగదు. ఏదో ఒక కర్ర విరిగితే తప్ప దాని ఆకారం మారదు. పాకల కప్పులకీ రైలు వంతెనలకీ త్రిభుజాలు పెట్టేది అందుకే. నల్ల సైకిలు బస్తా ధాన్యం మోసిందంటే ఉక్కు ఎంత కారణమో ఆ త్రిభుజమూ అంతే కారణం.

మడత సైకిలు ఆ పై గొట్టాన్ని వదులుకుంది. మడవాలంటే మధ్యలో ఒక్క గొట్టమే ఉండాలి, దాన్నీ మధ్యకి కోయాలి. వదులుకున్న బలాన్ని ఇంకో దారిలో సంపాదించాలి కాబట్టి ఆ ఒక్క గొట్టాన్నీ బాగా లావుగా చేస్తారు. గొట్టం రేకు మందం అంతే ఉంచి వ్యాసాన్ని రెట్టింపు చేస్తే, వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. మడత సైకిళ్ళ నడుం అంత బొద్దుగా కనిపించేది అందుకే. గొట్టం సరే, కోసిన చోటు మాటేమిటి? అక్కడ త్రిభుజం చేసిన పనిని గడియ చెయ్యాలి. ఆ గడియని రోజూ వేసేది మనం. నల్ల సైకిలు లూథియానాలోనో చెన్నై దగ్గరి అంబత్తూరులోనో పూర్తయి మన ఊరికి వచ్చేది. మడత సైకిలు మాత్రం ఫ్యాక్టరీలో పూర్తి కాదు. రోజూ ఉదయం మన చేతుల్లో పూర్తవుతుంది.

గడియ బిగువు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు శాస్త్రం ఇక్కడే ఉంది. కోతలయ్యాక వరిగడ్డి బండి మీద మోకు బిగించడం చూసే ఉంటారు. ఇద్దరు మనుషులు కాలు తన్నిపెట్టి గుంజి కడతారు. అలా బిగించిన మోకు ఊరు దాటినా చెక్కుచెదరదు. వదులుగా కట్టిన మోకు మాత్రం గతుకు గతుక్కీ ఒరుసుకుని సగం దారిలోనే పీచులు లేస్తుంది. నిజానికి బిగుతు మోకు మీదే ఎక్కువ లాగుడు ఉంది. అయినా తెగేది వదులుదే. తేడా కదలికలో ఉంది. కీలు రెండు ముఖాల్నీ ముందే గట్టిగా అదిమి పెడితే, చక్రం గుంతలో పడ్డప్పుడు వచ్చే దెబ్బలో ఎక్కువ భాగం ఆ అదుముడు కాస్త తగ్గడంతోనే సరిపోతుంది, గడియ బోల్టు దాకా చేరేది కొంచెమే. ముఖాలు విడివడేంత వదులుంటే ప్రతి దెబ్బా బోల్టు మీదే పడుతుంది. రెండు ముఖాలూ సుత్తీ పట్టెడలా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి.

ఇలాంటి దెబ్బలు ఎన్ని పడతాయో లెక్కేసుకోండి. ఒక కిలోమీటరుకి పెడలు సుమారు 180 చుట్లు తిరుగుతుంది. చుట్టుకి రెండు తొక్కుళ్ళు, అంటే 360. రోజుకి 10 కి.మీ., ఏడాదికి 300 రోజులనుకుంటే పది లక్షలు దాటుతాయి. ప్రతి తొక్కుడికీ ఫ్రేము కంటికి కనిపించనంత వంగి తిరిగి లేస్తుంది. ఉక్కుకి ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా దాదాపు అలిసిపోదు. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న చిన్న వంపులు కూడా లెక్కకి చేరుతూనే ఉంటాయి. అందుకే అల్యూమినియం ఫ్రేము తయారుచేసేవారు వంపు బాగా తగ్గేలా లోహాన్ని ఎక్కువగా వాడతారు. కీలు అతుకుల దగ్గర వెంట్రుకంత గీత కనిపిస్తే అది రంగు మీది గీతే అనిపించినా సరే, తేలేదాకా ఆ సైకిలు ఎక్కకూడదు. నేను నెలకోసారి తడిగుడ్డతో తుడిచి, మంచి వెలుతుర్లో ఆ అతుకుల చుట్టూ గోరు పెట్టి తడిమి చూస్తాను.

గడియ సరిగ్గా ఉందా అని తెలుసుకోవడానికి కొలత పరికరం అక్కర్లేదు, అరచెయ్యి చాలు. గడియ సగం దారి వచ్చేసరికి చేతికి ఎదురు తగలడం మొదలవ్వాలి. ఆఖరున అరచేత్తో అదిమితేనే పడాలి. వేలితో నెట్టగానే పడిపోతే వదులు. రెండు చేతులూ పెట్టి ఒళ్ళంతా మోపాల్సి వస్తే మరీ బిగుతు, అలాంటప్పుడు ఏదో ఒక రోజు గడియే విరుగుతుంది. దాని అడుగున ఉండే చిన్న నట్టుని పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడాలి. పావు చుట్టే, ఒకేసారి అర చుట్టు కాదు. తర్వాత ముందు బ్రేకు పట్టుకుని, రెండో చెయ్యి కీలు మీద వేసి, సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపండి. లూజు ఎక్కడుంటే అక్కడ వేళ్ళ కింద 'టిక్కు' మంటుంది. చెవికి ఆ చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో తెలీదు, ఫ్రేము అంతా మోగుతుంది. చేతికి మాత్రం తెలిసిపోతుంది.

హ్యాండిలు కర్ర దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. నల్ల సైకిల్లో హ్యాండిలు మెడ జానెడు కూడా ఉండదు. చిన్న చక్రాల సైకిల్లో మన చేతుల ఎత్తు మారదు కానీ చక్రం కిందికి పోతుంది, కాబట్టి ఆ మెడ మూరెడు దాకా సాగాల్సి వస్తుంది. బావి గిలక కర్ర పొడుగైతే దాని మొదలు దగ్గర ఎంత గుంజుడు పడుతుందో ఇక్కడా అంతే: బలం అదే, దూరం మూడు నాలుగు రెట్లు, కీలు మీద పడే వంపూ అన్ని రెట్లే. ఒక ఉదయం తెనాలిలో బండి తప్పిపోతుందన్న హడావిడిలో కర్ర లేపి గడియ వేశాను గానీ దాని పక్కనుండే చిన్న కొక్కెం పడిందో లేదో చూడలేదు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు బలంగా లాగి తొక్కాను. చేతుల్లో హ్యాండిలు నా వైపుకి వేలెడంత వంగింది. ఆపి దిగేసరికి గుండె దడదడలాడింది. ఆ రోజు నుంచి నోటితో లెక్కపెడతాను: నడుం, మెడ, సీటు. మూడూ అన్నాకే కాలు ఎత్తుతాను.

ఇక చక్రాల సంగతి. పిల్లలు వెంటబడి అడిగే మాట, "అంకుల్, ఇది చిన్నపిల్లల సైకిలా?" అని. పెద్దవాళ్ళు అడిగేది, "ఎంత తొక్కినా ముందుకి పోదేమో కదండీ?" అని. రెండో ప్రశ్నకి లెక్కతో జవాబుంది. నల్ల సైకిలు చక్రం ఒక్క చుట్టు తిరిగితే సుమారు 2.2 మీటర్లు పోతుంది. 20 అంగుళాల మడత సైకిలు చక్రం సుమారు 1.5 మీటర్లు. ఇంతవరకే చూస్తే చిన్నది ఓడిపోయినట్టే. కానీ చక్రం ఎన్నిసార్లు తిరగాలో చెప్పేది పళ్ళ లెక్క. ముందు 44, వెనక 18 పళ్ళున్న పెద్ద సైకిలు పెడలు చుట్టుకి సుమారు 5.4 మీటర్లు వెళ్తుంది. ముందు 52, వెనక 14 పళ్ళున్న చిన్న సైకిలు 5.6 మీటర్లు వెళ్తుంది. చక్రంలో పోయింది పళ్ళలో తిరిగొచ్చింది. కాలికి తేడా తెలియదు. తేడా తెలిసేది టైరుకి: అదే కిలోమీటరుకి పెద్ద చక్రం 455 చుట్లు తిరిగితే చిన్నది 667 చుట్లు తిరుగుతుంది, కాబట్టి తొందరగా అరుగుతుంది.

నిజంగా చిన్న చక్రం ఓడిపోయేది గతుకుల దగ్గర. ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న గుంత మీంచి వెళ్తున్నారనుకోండి. 35 సెం.మీ. వ్యాసార్ధమున్న పెద్ద చక్రం అందులోకి ఒకటిన్నర సెంటీమీటరు దిగుతుంది. 25 సెం.మీ. వ్యాసార్ధమున్న చిన్నది రెండు సెంటీమీటర్ల పైన దిగుతుంది. ఎదురుగా రెండున్నర సెంటీమీటర్ల గట్టు వస్తే, దాని మీదికి ఎక్కడానికి చిన్న చక్రాన్ని ఇరవై శాతం ఎక్కువ బలంతో తొయ్యాలి. పెద్ద చక్రం గట్టుని ఏటవాలుగా ఎక్కుతుంది, చిన్నది దాదాపు గోడని గుద్దినట్టు గుద్దుతుంది.

మా ప్రాంతపు రోడ్లకి ఇది చిన్న విషయం కాదు. కృష్ణా డెల్టా నేల నల్లరేగడి బంకమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. ఆ మట్టి రేణువులు పలుచటి పొరల దొంతరలు. నీళ్ళు ఆ పొరల మధ్యకి దూరి వాటిని ఎడం చేస్తాయి. కాలవ వదిలినప్పుడొకలా, కట్టేసినప్పుడొకలా నేల కదులుతుంటే దాని మీద వేసిన తారు ఎంత మంచిదైనా అలలు తేలుతుంది. కాలవ గట్ల మీది రోడ్లు నీటి వైపు అంచున పొడుగ్గా చీలడం వేసవిలో చూడొచ్చు. మోటారు సైకిలుకి ఆ చీలిక లెక్కలోకి రాదు. రెండు వేళ్ళ వెడల్పు లేని మడత సైకిలు టైరుకి అది పట్టాలాంటిది, ఒకసారి దిగిందా హ్యాండిలు తిరగదు. లెవెల్ క్రాసింగ్ దగ్గరా ఇదే ప్రమాదం. పట్టా పక్కన రైలు చక్రపు అంచు కోసం వదిలిన సందు ఉంటుంది. దాన్ని ఏటవాలుగా దాటకూడదు. వేగం తగ్గించి, పట్టాలకి అడ్డంగా తిన్నగా దాటాలి. వాన పడ్డ రోజు దిగి నడిపించడమే నా అలవాటు.

కోతల కాలంలో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోస్తారు, వేసవి మొదట్లో మొక్కజొన్న. గట్టి నేల మీద పరిచిన గింజలు చక్రం కింద బాల్ బేరింగుల్లా పొర్లుతాయి. వాటి మీద బ్రేకు వేయడం, మలుపు తిప్పడం రెండూ పనికిరావు. అయినా అది మనకి అన్నం పెట్టే గింజ, దాన్ని తొక్కుకుంటూ పోవడం ఎలాగూ మనసొప్పదు. పక్కన దిగి నడుస్తాను.

మొదటి వారం అందరూ ఫిర్యాదు చేసేది హ్యాండిలు వణుకు గురించి. పెద్ద సైకిలు తొక్కిన చేతులకి ఇది గాల్లో తేలుతున్నట్టు, చూపు తిప్పితేనే పక్కకి పోతున్నట్టు ఉంటుంది. చక్రాలు చిన్నవి కాబట్టి బొంగరంలా నిలబెట్టే శక్తి తక్కువని సైకిలు షాపుల్లో చెబుతారు. సగం నిజం. సైకిలు నిలబడేది బొంగరం గుణంతోనే అయితే, ఆ గుణాన్ని తీసేస్తే పడిపోవాలి. 1970లో డేవిడ్ జోన్స్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు చక్రానికి పక్కన వ్యతిరేక దిశలో తిరిగే ఇంకో చక్రం బిగించి, బొంగరం గుణాన్ని రద్దు చేసి తొక్కి చూశాడు. పడలేదు. 2011లో అమెరికాలోని కార్నెల్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇంకా ముందుకి వెళ్ళారు. బొంగరం గుణాన్నీ, ముందు చక్రం స్టీరింగు ఇరుసుకి వెనకపడి నడిచే గుణాన్నీ రెండింటినీ తీసేసి, చిన్న చక్రాల నమూనా ఒకటి తయారుచేసి తోసి వదిలారు. మనిషి లేకుండానే అది తిన్నగా నడిచింది. బరువులు ఎక్కడెక్కడ పంచారన్నది కూడా సైకిలుని నిలబెట్టగలదని 'సైన్స్' పత్రికలో ప్రచురించారు.

అన్ని సైకిళ్ళదీ అడుగున ఒకటే సూత్రం. ఎటు పడబోతే అటు ముందు చక్రం తిరగాలి, చక్రాలు మళ్ళీ బరువు కిందికి రావాలి. చిన్న చక్రం ఆ పనిని తొందరగా, కాస్త అతిగా చేస్తుంది. ముందు చక్రం నేలని తాకే చోటు స్టీరింగు గీతకి ఎంత వెనక ఉంటే హ్యాండిలు అంత నెమ్మదిగా, అంత స్థిరంగా ఉంటుంది. చక్రం చిన్నదైతే ఆ దూరమూ చిన్నదవుతుంది. కాబట్టి అలవాటు పడాల్సింది మనమే. మోచేతులు కొంచెం వంచండి, పట్టు వదులుగా ఉంచండి. గట్టిగా పట్టుకునే కొద్దీ మన భుజాల వణుకే హ్యాండిలుకి చేరుతుంది. ఒంటిచేత్తో సైగ చేయడం మాత్రం ఖాళీ రోడ్డు మీద సాధన చేశాకే బజార్లో చేయాలి. పది రోజులకి మెదడు లెక్క సరిచేసుకుంటుంది. ఆ తర్వాత పెద్ద సైకిలెక్కితే అదే మొద్దుగా తోస్తుంది.

సీటు ఎత్తు విషయంలో నేను మొదట చేసిన తప్పు చాలామంది చేస్తారు. నేల మీద రెండు పాదాలూ ఆనేలా పెట్టుకున్నాను, నెల తిరక్కుండా మోకాలి ముందు భాగం నొప్పి పుట్టింది. మోకాలు బాగా ముడిచి ఉండగా బలంగా తొక్కితే మోకాలి చిప్ప తొడ ఎముకకేసి అదుముకుంటుంది. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు మాత్రమే వంగి ఉండాలి. దాన్ని కొలవడానికి సులువైన దారి ఒకటుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని పెడలు మీద మడమ పెట్టి కిందికి దించండి. కాలు తిన్నగా చాపుకోవాలి, నడుం పక్కకి ఒరగకూడదు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడలు మీద ఉంటుంది కాబట్టి కావాల్సిన వంపు దానంతటదే వస్తుంది. మామూలు సైకిల్లో ఈ పని ఒక్కసారి చేస్తే సరి. ఇక్కడ రోజుకి నాలుగుసార్లు సీటు దిగి లేస్తుంది. నేను రాడ్డు మీద మా ఇంటావిడ గోళ్ళరంగుతో చిన్న గీత పెట్టుకున్నాను. చీకట్లో కూడా తెలిసేందుకు ఆ గీత కింద దారం చుట్టి జిగురు పూశాను.

సీటు దిగజారడం ఇంకో నిత్య సమస్య. స్టేషను దగ్గర సరిగ్గా ఉన్న సీటు రెండు కిలోమీటర్లకి అంగుళం కిందికి వచ్చేస్తుంది. గడియ ఇంకా బిగిస్తే పోతుందనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం జిడ్డు. ఆ రాడ్డుని నిలబెట్టేది రాపిడి ఒక్కటే. మడత పెట్టేటప్పుడు చైను నూనె చేతికి అంటి, చేతి నుంచి రాడ్డుకి అంటుతుంది. సబ్బు నీళ్ళతో తుడిచి ఆరబెడితే పాత బిగువుకే ఆగుతుంది. రాడ్డు మీద తయారీదారు గీసిన ఆఖరి గీత బయటికి కనిపించేంత పైకి మాత్రం ఎప్పుడూ లాగకూడదు. లోపల పట్టు తగ్గితే ఫ్రేము గొట్టం అంచు చీలుతుంది.

గేర్లున్న మడత సైకిలుకి ఇంకో పేచీ ఉంది. గేరు మార్చే తీగ కీలు పక్క నుంచి వెళ్తుంది కాబట్టి మడిచిన ప్రతిసారీ దాని తొడుగు కాస్త అటూ ఇటూ జరుగుతుంది. మిల్లీమీటరు తేడా వస్తే చాలు, తొక్కుతుంటే చైను పళ్ళ మధ్య టకటకలాడుతుంది. వెనక గేరు దగ్గర తీగ చివరనున్న చిన్న బిరడా లాంటి మరని అర చుట్టు విప్పి చూడండి. చైను లోపలి పెద్ద పళ్ళ మీదికి ఎక్కనని మొరాయిస్తుంటే విప్పాలి, కిందికి దిగనంటుంటే బిగించాలి. మడిచిన సైకిలుని గేరు ఉన్న వైపుకి పడుకోబెట్టకూడదన్నది రైల్లో ఒకసారి పడుకోబెట్టాకే నేర్చుకున్నాను.

ఈ సైకిళ్ళు ఎవరు, ఎందుకు కనిపెట్టారంటే మొదటి గిరాకీ సైన్యాలది. 1890ల్లో ఫ్రాన్సులో కెప్టెన్ జెరార్డ్ సిపాయి వీపున మోసుకెళ్ళే మడత సైకిలు ప్రవేశపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ పారాచూట్ దళాలకి బీఎస్‌ఏ కంపెనీ మడత సైకిళ్ళు చేసింది. వాటివన్నీ పెద్ద చక్రాలే. చిన్న చక్రం పిల్లలాట కాదని లోకాన్ని ఒప్పించింది 1962లో అలెక్స్ మౌల్టన్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. గతుకుల దెబ్బకి రబ్బరు స్ప్రింగులు, రాపిడికి గట్టిగా గాలి కొట్టిన టైర్లు అన్నది ఆయన జవాబు. 1970ల మధ్యలో లండన్‌లో బ్రాంప్టన్ చర్చి కనిపించే గదిలో కూర్చుని ఆండ్రూ రిచీ తన మడత సైకిలుకి ఆ పేరే పెట్టాడు. అదే దశాబ్దపు చమురు కరువు రోజుల్లో అమెరికాలో లేజర్ల మీద పనిచేస్తున్న భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ హాన్ మడత సైకిలు గీయడం మొదలుపెట్టి, 1982లో డాహన్ కంపెనీ స్థాపించాడు. మన దగ్గర దొరికే నడుం మడత సైకిళ్ళలో చాలావాటికి ఆ పోలికే ఉంటుంది.

మౌల్టన్ చెప్పిన గాలి మాటకొద్దాం. సైకిలూ మనిషీ సంచీ కలిపి 80 కిలోలు, అందులో అరవై శాతం వెనక చక్రం మీద అనుకోండి. 60 పీఎస్‌ఐ గాలి ఉంటే ఆ టైరు నేలని ఆనే జాగా సుమారు పదకొండున్నర చదరపు సెంటీమీటర్లు, మన బొటనవేలి ముద్రలు మూడు నాలుగు కలిపినంత. గాలి సగానికి తగ్గితే ఆ జాగా రెట్టింపవుతుంది. చిన్న చక్రంలో గుండ్రదనం ఎక్కువ కాబట్టి అంత జాగా నేలకి ఆనాలంటే టైరు మరింత లోతుగా నలగాలి. నలిగిన రబ్బరు తిరిగి లేచేటప్పుడు మనం పెట్టిన బలాన్నంతా తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. అందుకే గాలి తక్కువైన మడత సైకిలు ఇసకలో లాగుతున్నట్టుంటుంది. చాలా మడత సైకిళ్ళకి మోటారు సైకిలు మౌతే ఉంటుంది, వాల్వ్ ట్యూబు ఉండదు. కనక పెట్రోలు బంకులో కొట్టించుకోవచ్చు. కానీ ఆ ట్యూబులో పట్టేది రెండు లీటర్ల చిల్లర గాలి, క్షణాల్లో నిండిపోతుంది. కుర్రాడికి ముందే చెప్పి, ఆగి ఆగి కొట్టించాలి. మే నెలలో సైకిలుని ఎండలో వదిలేస్తే ఇంకో లెక్క: పొద్దున 27 డిగ్రీల దగ్గర 60 ఉన్న గాలి, టైరు 57 డిగ్రీలకి కాగేసరికి 67 అవుతుంది. టైరు మీద రాసిన ఆఖరి అంకె దాకా కొట్టి ఎండలో పెట్టకూడదన్నది అందుకు.

బాపట్లలో దిగిన రోజు పని తొందరగా అయితే సూర్యలంక దాకా వెళ్ళొస్తాను. స్టేషను నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఎత్తుపల్లాల్లేని ఈ డెల్టాలో గుట్టల పని గాలి చేస్తుంది. పగలు నేల తొందరగా కాగి, దాని మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం దాటి బయల్దేరితే అది మొహానికే కొడుతుంది. గాలి లేనప్పుడు గంటకి 15 కి.మీ. వేగానికి సుమారు 50 వాట్ల కాలిబలం చాలు. ఎదురుగాలి గంటకి 10 కి.మీ. ఉంటే అదే వేగానికి దాదాపు 100 వాట్లు కావాలి. గాలి అడ్డు వేగంతో పాటు కాకుండా వేగపు వర్గంతో పెరుగుతుంది మరి. మడత సైకిలు మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి తెరచాపలా ఉంటాం. అలాంటప్పుడు గేరు తగ్గించి నెమ్మదిగా తొక్కడమే. వచ్చేటప్పుడు ఆ గాలే వీపు మీద చెయ్యి వేసి ఇంటికి తోస్తుంది. ఆ తొమ్మిది కిలోమీటర్ల కోసమే వెళ్తానంటే అబద్ధం కాదు.

తీరంలో గంట ఉంటే సైకిలుకి ఉప్పు పడుతుంది. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తానే నీరవుతుంది, తీరంలో రాత్రిళ్ళు తేమ ఆ హద్దు దాటడం మామూలే. అల్యూమినియాన్ని కాపాడేది దాని మీద సహజంగా ఏర్పడే పలుచటి ఆక్సైడు పొర. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకి చిల్లులు పొడుస్తుంది. ఉక్కు బోల్టూ అల్యూమినియం ఫ్రేమూ ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియమే కరుగుతుంది. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే అదే. కాబట్టి ఆ రాత్రే మంచినీళ్ళ తడిగుడ్డతో తుడిచి, చైనుకీ కీలు పిన్నుకీ ఒక్కో చుక్క నూనె వేస్తాను. గడియ అదిమే ముఖాలకి మాత్రం నూనె తగలనివ్వను.

రైల్లో దీన్ని తీసుకెళ్ళడం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. రైల్వే నిబంధనల ప్రకారం రెండో తరగతిలో 35 కిలోల సామాను ఉచితం. పెట్టె కొలతలు 100, 60, 25 సెంటీమీటర్లు మించకూడదు. నా సైకిలు పన్నెండు కిలోల పైచిలుకు, బరువుతో పేచీ లేదు. కొలతల్లో మాత్రం 20 అంగుళాల రకాలు కాస్త దాటుతాయి. పాత దుప్పటితో కుట్టించిన సంచిలో పెట్టి, తలుపుకి అడ్డం కాకుండా బాత్రూము పక్క గోడకి ఆనించి, దాని దగ్గరే నిలబడతాను. ఎవరికీ నూనె అంటకుండా చూసుకుంటే తోటి ప్రయాణికులు సర్దుకుంటారు, కూరగాయల గంపకి సర్దుకున్నట్టే.

మూడో ఏట వేళ్ళ కింద ఆ 'టిక్కు' మొదలైంది. గడియ నట్టు పావు చుట్టు బిగించాను. పోలేదు. మళ్ళీ పావు. గడియ చేతికి మరీ బిగుతైందే గానీ చప్పుడు అలాగే ఉంది. అంటే వదులు గడియలో లేదు, రెండో వైపున తలుపు మడతబందులా తిరిగే పిన్ను దగ్గర ఉంది. తెనాలిలో లేత్ మిషను నడిపే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. పిన్ను కొట్టి బయటికి తీసి వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలిచారు. మధ్యలో మిల్లీమీటరులో రెండు పదో వంతులు అరిగింది. పెద్దాయన వేలు పెట్టిన చోటికి రెండంగుళాల దూరం కూడా లేదు.

గట్టి ఉక్కుతో కొత్త పిన్ను లేత్ మీద తిప్పి ఇమ్మన్నాను. ఆయన పిన్ను తిప్పారు గానీ, కీలు రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేసి అందులో ఇత్తడి తొడుగు, అదే బుష్షు, కూడా దించారు. ఎందుకండీ అంటే, "రెండూ గట్టివైతే ఫ్రేము అరుగుద్దండీ, ఫ్రేము మళ్ళీ దొరకదు. ఇదైతే అరిగినప్పుడు రండి, ఇంకోటి వేద్దాం" అన్నారు. ఇంజనీరింగు పుస్తకాలు చెప్పేదీ ఈ మాటే: రాసుకునే రెండింటిలో మార్చడానికి వీలైనది మెత్తగా ఉండాలి. ఆ బుష్షు వేసి పది నెలలైంది. నెలకోసారి ముందు బ్రేకు పట్టి, కీలు మీద చెయ్యి వేసి ఊపి చూస్తున్నాను. వేళ్ళకి ఇంకా ఏమీ తగలలేదు.